కట్‌సీన్ చూస్తూ కాకుండా బటన్ నొక్కుతూ ఉండగా మీ మనసు కదిలిన గేమ్‌లు ఏవి?

గోదారి_గట్టు:

అందరికీ నమస్తే. ఈ మధ్య ప్లేస్టేషన్ 4 (పీఎస్4)లో వరుసగా గేమ్‌లు పూర్తి చేస్తున్నా, ఎక్కువగా పాతవే, సెకండ్ హ్యాండ్ డిస్కులు కొనుక్కుని. ఆడేకొద్దీ ఒక విషయం గట్టిగా అనిపిస్తోంది, మీరేమంటారో తెలుసుకోవాలని రాస్తున్నా. పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకోండి. కథ ముందే బయటపెట్టే స్పాయిలర్లు కొన్ని తప్పవు, ఆడనివాళ్లు ఆ పేరాలు దాటేయండి.

ఏ గేమ్ గురించి అడిగినా ముందు గ్రాఫిక్స్ సంగతి చెప్తారు, తర్వాత మ్యాప్ ఎంత పెద్దది, ఎన్ని గంటలు వస్తుంది, ఆ తర్వాత కథ. నాకు మాత్రం ఆడేసి నెలలు గడిచాక ఇవేవీ పెద్దగా గుర్తుండట్లేదు. ఫలానా చోట నా వేళ్లు ఏం చేస్తున్నాయి, అప్పుడు లోపల ఏమనిపించింది, అదే నిలుస్తోంది. కట్‌సీన్ అంటే గేమ్ మధ్యలో సినిమాలా నడిచే ముక్క, అది ఎంత బాగా తీసినా కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని చూడటమే కదా, ఆ పని సినిమా కూడా చేస్తుంది.

ముందు షాడో ఆఫ్ ది కొలోసస్. 2005లో పీఎస్2కి వచ్చింది, నేను ఆడింది 2018లో బ్లూపాయింట్ వాళ్లు పీఎస్4 కోసం మళ్లీ మొదటి నుంచీ తయారుచేసిన వెర్షన్. చనిపోయిన అమ్మాయిని బతికించుకోవడానికి వాండర్ అనే కుర్రాడు 16 మహాకాయాలను చంపాలి. కథ అంతే. ఊళ్లు లేవు, మనుషులు లేరు, దారిలో చిన్నాచితకా శత్రువులు కూడా లేరు. గుర్రం మీద చాలాసేపు ఒంటరిగా వెళ్లాలి, కత్తి ఎండలోకి ఎత్తితే వెలుగు ఎటు గుమిగూడితే అటు దారి. మహాకాయాన్ని చేరుకున్నాక దాని ఒంటి మీది బొచ్చు పట్టుకుని పైకి ఎక్కాలి, పట్టుకునే బటన్ నొక్కిపట్టినంతసేపే పట్టు ఉంటుంది. అది ఒళ్లు విదిలిస్తూ ఉంటే తెర మూలన గుండ్రటి గేజ్ తరిగిపోతూ ఉంటుంది, వదిలితే అంత ఎత్తు నుంచీ కింద పడతాం, వదలకపోతే కాసేపటికి చెయ్యి దానంతట అదే జారిపోతుంది. నేనైతే వేలు నొప్పి పుట్టేంత గట్టిగా నొక్కేవాణ్ణి, గట్టిగా నొక్కినంత మాత్రాన పట్టు పెరగదని తెలిసినా సరే. ఇంత కష్టపడి చివరి పోటు పొడిచాక గెలిచినట్టు సంగీతం మోగదు, దిగులు రాగం వస్తుంది. అది నెమ్మదిగా కూలిపోతుంది, దాని ఒంట్లోంచి నల్లటి పోగులు వచ్చి వాండర్ ఒంట్లోకి దిగుతాయి. 13వది ఎడారి మీద ఎగిరే పొడుగాటి ప్రాణి, మన మీద ఒక్కసారి కూడా దాడి చెయ్యదు. దాన్ని కూడా మన వేలితోనే చంపాలి, గేమ్ ముందుకెళ్లడానికి వేరే దారి లేదు. ఆ రాత్రి ఇంకోటి మొదలుపెట్టబుద్ధి కాలేదు.

రెండోది ది లాస్ట్ ఆఫ్ అస్. జిరాఫీల సీన్ గురించి అందరూ చెప్తారు, నాకు దానికి ముందు ఒక్క నిమిషం ఎక్కువ. ఎత్తుగా ఉన్న చోటికి వెళ్లాలంటే మనం ఆడే జోయెల్ గోడకి ఆనుకుని చేతులు కలిపి నిలబడతాడు, త్రిభుజం బటన్ నొక్కగానే అతని వెంట ఉండే పిల్ల ఎల్లీ పరుగున వచ్చి అతని చేతుల మీద కాలు మోపి పైకెక్కుతుంది. గేమ్ పొడుగునా చేసే పని ఇది, చూడకుండానే నొక్కేస్తుంటాం. సాల్ట్ లేక్ సిటీకి వచ్చాక అదే బటన్ నొక్కితే ఎల్లీ రాదు. దూరంగా కూర్చుని ఏదో ఆలోచనలో ఉంటుంది, జోయెల్ మళ్లీ పిలవాల్సి వస్తుంది. దానికి ముందు చలికాలంలో ఆ పిల్ల మీద ఏం పడిందో ఆడినవాళ్లకి తెలుసు. ఒక్క డైలాగ్ లేకుండా, రోజూ పనిచేసే బటన్ పనిచెయ్యకపోవడంతో అదంతా చెప్పేశారు. నాకు ఇంతకంటే గొప్ప కథనం గేమ్‌లలో కనపడలేదు.

గాడ్ ఆఫ్ వార్ 2018 కూడా అంతే, గొడ్డలి విసిరి మళ్లీ త్రిభుజం నొక్కితే అది వెనక్కి వచ్చి చేతిలో పడేటప్పుడు కంట్రోలర్ ఒక్క అదురు అదురుతుంది, ఊరికే చెట్లకేసి విసురుతూ కూర్చున్న సాయంత్రాలున్నాయి. కానీ అసలు దెబ్బ వేరే. చతురస్రం నొక్కితే మనం ఆడే క్రేటోస్ కొడుకు అట్రియస్ బాణం వేస్తాడు. వాడికి జబ్బు చేసి క్రేటోస్ ఒంటరిగా చచ్చినవాళ్ల లోకం హెల్‌హైమ్ వెళ్లినప్పుడు అలవాటుగా ఆ బటన్ మీదకే వేలు పోతుంది, బాణం రాదు. పిల్లాడు పక్కన లేడని అప్పుడు తెలిసింది నాకు, కట్‌సీన్‌లో చూసినప్పుడు కాదు.

ఇక నచ్చనివి. మ్యాప్ నిండా గుర్తులు పెట్టి ఇక్కడికెళ్లు, ఇది తీసుకో, ఈ కోట పట్టుకో అనే పెద్ద ఓపెన్ వరల్డ్‌లు నాకు పడట్లేదు. అస్సాసిన్స్ క్రీడ్ వల్హల్లా చూడటానికి ఎంతో బాగుంది, ఇంగ్లాండ్ పొలాల మీద పొద్దు వాలుతుంటే ఆగి చూడాలనిపిస్తుంది, సగంలో ఆపేశా. ఘోస్ట్ ఆఫ్ సుషిమా కొంత మేలు, 1274లో మంగోలులు సుషిమా దీవి మీద దిగిన నాటి కథ, దారి చూపడానికి బాణం గుర్తు బదులు గాలి వీస్తుంది, టచ్‌ప్యాడ్ మీద వేలు పైకి జరిపితే గడ్డి అంతా మనం వెళ్లాల్సిన వైపు వంగుతుంది. ఆ ఒక్క ఆలోచనకి దండం పెట్టొచ్చు. కానీ దాంట్లో కూడా నక్కల వెంట పరిగెత్తడం, శిబిరాలు విడిపించడం కొంతసేపటికి ఒకటే పని అయిపోయింది.

అడగాలనుకున్నవి రెండు. ఇలా బటన్ నొక్కడంలోనే కథ ఉన్న గేమ్‌లు మీరు ఏవి ఆడారు? రెండోది, నాకు రాత్రి పిల్లలు పడుకున్నాక గంట, గంటన్నర దొరుకుతుంది, డెత్ స్ట్రాండింగ్, సెకిరో రెండింట్లో ఏది మొదలుపెట్టాలి?


నల్లమల_పులి:

అన్నా, సెకిరో. ఇంకో ఆలోచన వద్దు. కానీ దానికి ముందు బ్లడ్‌బోర్న్ గురించి చెప్పాలి, నువ్వడిగిన మొదటి ప్రశ్నకి నా జవాబు అదే.

ఈ రెండూ చేసిన ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ కంపెనీ గేమ్‌లంటే జనం కష్టం, కష్టం అని ఒకటే మాట చెప్తారు. ఆ కష్టం దేనికి పెట్టారో ఎవరూ చెప్పరు. బ్లడ్‌బోర్న్‌లో దెబ్బ తగిలిన వెంటనే పోయిన ప్రాణం మొత్తం పోదు, బార్‌లో కాసేపు లేత రంగులో మిగిలి ఉంటుంది, ఆ కాస్త వ్యవధిలో ఎదురు కొడితే కొంత తిరిగి వస్తుంది. డాలు పట్టుకుని వెనక దాక్కునే పద్ధతికి ఈ గేమ్‌లో చోటు లేదు. దెబ్బ తగిలితే ఎవరైనా వెనక్కి జరుగుతారు, ఇది మాత్రం ముందుకు పడమంటుంది. కొన్ని గంటలు ఆడేసరికి భయం వేసినప్పుడల్లా మీదకి దూకడం అలవాటవుతుంది. యార్నమ్ ఊళ్లో వేటగాళ్లందరికీ పట్టిన పిచ్చి కూడా సరిగ్గా అదే, రక్తం చూస్తే ఆగలేకపోవడం. అంటే ఆ పిచ్చి ఎలా పుడుతుందో మన వేళ్లకే నేర్పారు.

అదే గేమ్‌లో ఫాదర్ గాస్కోయిన్ అనే బాస్, అంటే పెద్ద శత్రువు, ఉంటాడు. అతనికంటే ముందు ఒక ఇంటి కిటికీ దగ్గర చిన్న పిల్ల మాట్లాడుతుంది, అమ్మ కనపడట్లేదు, వెతికిపెట్టమని ఒక చిన్న సంగీతపు పెట్టె ఇస్తుంది. బాస్‌తో కొట్లాటలో ఆ పెట్టె మోగిస్తే అతను తల పట్టుకుని ఆగిపోతాడు, ఆ సందులో మనం కొట్టుకోవచ్చు. ఆ పిల్ల తండ్రి అతనే. మొదట అది బాస్‌ని ఆపే ఒక వస్తువు మాత్రమే అనుకుని వాడాను, విషయం అర్థమయ్యాక ఆ బటన్ నొక్కడానికి చెయ్యి రాలేదు.

సెకిరోకి వస్తే, 2019లో వచ్చింది, పీఎస్4లో బాగానే నడుస్తుంది. శత్రువు ప్రాణం తగ్గించడం కంటే అతని నిలకడ దెబ్బతియ్యడం ముఖ్యం. కత్తి మీద పడే క్షణంలో ఎల్1 బటన్ నొక్కితే ఖంగుమని మోగుతుంది, ఆ మోత సరిగ్గా పడుతున్నంతసేపూ అవతలివాడి నిలకడ బార్ నిండుతూ ఉంటుంది, పూర్తిగా నిండితే వాడి నిలకడ చెదిరినట్టే. కాసేపటికి నువ్వు చూడటం మానేసి వినడం మొదలుపెడతావు. తాళం తెలిసినవాళ్లు దీన్ని తొందరగా పట్టుకుంటారని నా నమ్మకం, మా ఇంట్లో మృదంగం నేర్చుకున్న మా చెల్లి ఊరికే కాసేపు ఆడి దెబ్బల్ని నాకంటే శుభ్రంగా ఆపింది. ఇంకో మంచి విషయం, ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ వాళ్ల మిగతా సోల్స్ గేమ్‌లలో పాజ్ లేదు, దీంట్లో ఉంది. పిల్లలు లేస్తే ఆపుకోవచ్చు.


ఓరుగల్లు_సిరి:

పోస్ట్ చాలా బాగా రాశారు అన్నా, లాస్ట్ ఆఫ్ అస్‌లో ఎల్లీ రాని ఆ బటన్ సంగతి నేను కూడా గమనించాను, ఎవరితో చెప్పినా ఏముంది అందులో అన్నారు. అయినా మీతో పూర్తిగా ఒప్పుకోను.

విచర్ 3 ఆడారా? కత్తియుద్ధం మామూలుగా ఉంటుంది, గుర్రం చెట్టుకో కంచెకో అడ్డం పడి ఆగుతుంది, మీరు చెప్పే బటన్ గొప్పతనం అందులో వెతికినా దొరకదు. 2015లో వచ్చిన ఆ గేమ్ నాకు ఇప్పటికీ మనసులోంచి పోలేదు. బ్లడీ బారన్ కథనే తీసుకోండి. తాగి భార్యని కొట్టిన మనిషి, ఆమె ఇల్లు వదిలి వెళ్లిపోయింది, కూతురూ వెళ్లిపోయింది, మనల్ని వెతకమంటాడు. ముందు అసహ్యం వేస్తుంది, తర్వాత జాలి వేస్తుంది, ఆ జాలి పడినందుకు మన మీద మనకే కోపం వస్తుంది. అక్కడే బురదనేలల్లో ఒక చెట్టు కింద బందీగా ఉన్న ఆత్మని వదలాలా చంపాలా అని అడుగుతారు. వదిలితే ఆ బురదనేలల్లోని అనాథ పిల్లలు బతుకుతారు, కానీ భార్య చనిపోతుంది, బారన్ ఉరేసుకుంటాడు. చంపితే భార్య మతి పోయినా ప్రాణంతో ఉంటుంది, బారన్ ఆమెని వైద్యం కోసం తీసుకెళ్తాడు, పిల్లలు మాత్రం దక్కరు. రెండు మాటల్లో ఒకటి ఎంచుకుని బటన్ నొక్కడమే చేసే పని. వేలికి అందులో నైపుణ్యం ఏమీ లేదు, నాకు మాత్రం చాలాసేపు ఆ తెర ముందు నుంచి కదలబుద్ధి కాలేదు.

కాబట్టి రాత బాగుంటే చేతిపని సాదాగా ఉన్నా గేమ్ నిలబడుతుంది. చేతిపని అద్భుతంగా ఉండి రాత లేని గేమ్‌లు కూడా ఎన్నో ఆడాం, అవి ఎందుకు గుర్తుండవో మీరే చెప్పండి.


పాత_క్యాసెట్:

తమ్ముళ్లూ, అమ్మాయిలూ, మీరు చెప్పుకుంటున్నది కొత్త విషయం ఏమీ కాదు. 90ల్లో మన ఊళ్లలో టీవీకి తగిలించి ఆడుకున్న క్యాసెట్ల గేమ్‌లలోనే ఇది ఉంది. కాంట్రా అందరూ ఆడే ఉంటారు. మూడో స్టేజ్ జలపాతం, పైకి ఎగురుతూ ఎక్కాలి. ఇద్దరు ఆడుతున్నప్పుడు ఒకడు తొందరపడి పైకి వెళ్లిపోతే తెర కూడా పైకి జరుగుతుంది, కింద మిగిలినవాడు తెర దాటిపోయి చచ్చిపోతాడు. మా అన్నదమ్ముల మధ్య ఆ జలపాతం దగ్గర అయినన్ని గొడవలు ఆస్తి పంపకాల్లో కూడా రావు. కానీ రెండోవాడి కోసం ఆగి ఎక్కడం, ఒకేసారి చాలా గుళ్లు వెదజల్లే ఎస్ తుపాకీ వాడికి వదిలెయ్యడం కూడా అక్కడే నేర్చుకున్నాం. దాంట్లో కథ ఎక్కడుంది? ఏలియన్లు అని తర్వాతెప్పుడో తెలిసింది. మా కథ మొత్తం ఆ రెండు కంట్రోలర్ల మధ్య నడిచింది.

గోదారి తమ్ముడూ, షాడో అంత నచ్చితే అదే దర్శకుడు ఫుమిటో ఉయెడా తీసిన ఇకో చూడు, 2001, పీఎస్2. కొమ్ములున్న ఒక పిల్లాడు, మాట అర్థం కాని ఒక అమ్మాయి, ఒక పెద్ద కోట. బటన్ నొక్కి పట్టుకుంటే ఆమె చెయ్యి పట్టుకుని నడుస్తాం, వదిలితే చెయ్యి వదిలినట్టే. వదిలేసి దూరం పోతే నీడలు వచ్చి ఆమెని ఎత్తుకుపోతాయి. సేవ్ చెయ్యాలన్నా ఇద్దరూ కలిసి రాతి బెంచీ మీద కూర్చోవాలి. నీ పీఎస్4లోనే దొరికేది కావాలంటే 2016లో వచ్చిన ది లాస్ట్ గార్డియన్, అదీ ఆయనదే. అందులో ట్రైకో అని పెద్ద జంతువు, పిలిస్తే వెంటనే రాదు, చెప్పింది చెయ్యదు. చాలామంది అది విసుగు అన్నారు. నేను ఇంట్లో కుక్కల్ని పెంచినవాణ్ణి, చెప్పగానే చేస్తే అది జంతువు ఎలా అవుతుంది? ఎప్పుడో ఒకసారి మన మాట విని దూకినప్పుడు కలిగే సంతోషం ఇంకే గేమ్‌లోనూ దొరకదు. కెమెరా మాత్రం ఇబ్బంది పెడుతుంది, అది నిజం.

మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తా, ఇప్పటి పిల్లలకి తెలియదు. 2009లో పీఎస్2కి హనుమాన్ బాయ్ వారియర్ అని గేమ్ వచ్చింది, మన హైదరాబాద్‌లో అరోనా టెక్నాలజీస్ అనే కంపెనీ చేసింది, సోనీ ప్రచురించింది. అదే కాలంలో దేశీ అడ్డా అని ఇంకోటి, అది గేమ్‌శాస్త్ర వాళ్లది, వాళ్లదీ హైదరాబాదే, కబడ్డీ, బిళ్లంగోడు, గాలిపటాలు అందులో ఉంటాయి. అప్పటికే పీఎస్3 వచ్చి రెండేళ్లు దాటింది, బయటి గేమ్‌ల పక్కన పెడితే హనుమాన్ పల్చగా కనపడుతుంది, ఆ మాట దాచను. అయినా పీఎస్2 డిస్క్ పెడితే గద పట్టుకున్న బాల హనుమంతుడు తెర మీదకి రావడం నాకు చాలా పెద్ద విషయం. అప్పుడు మొదలైన పని అలా సాగి ఉంటే ఈపాటికి ఎక్కడుండేవాళ్లమో.


వంశీ_డల్లాస్:

మా తమ్ముడు విజయవాడలో ఉంటాడు, నేను ఇక్కడ. మేమిద్దరం ఇట్ టేక్స్ టూ ఆడాం. విడాకుల అంచున ఉన్న భార్యాభర్తలు బొమ్మలైపోయి ఇంట్లో చిక్కుకుంటారు, ఇద్దరు మనుషులు లేకుండా గేమ్ నడవదు, ఒంటరిగా ఆడే అవకాశమే పెట్టలేదు. ఒకరు కొంటే చాలు, రెండోవాళ్లు ఫ్రెండ్స్ పాస్ దించుకుని ఉచితంగా ఆడొచ్చు. ప్రతి చోటా ఇద్దరి చేతికీ వేర్వేరు పనిముట్లు ఇస్తుంది, ఒకచోట నా చేతిలో మేకులు, వాడి చేతిలో సుత్తి, నేను మేకు కొడితే గానీ వాడు వేలాడలేడు. ఇండియాలో పొద్దున, నాకు రాత్రి. ఫోన్‌లో ఎప్పుడూ అమ్మ ఆరోగ్యం, డబ్బులు, పెళ్లి సంబంధాలు ఇవే మాట్లాడుకునేవాళ్లం. ఆ గేమ్ ఆడిన వారాల్లో మేం చిన్నప్పుడు మాట్లాడుకున్నట్టు మాట్లాడుకున్నాం. వాళ్ల కూతురి ఏనుగు బొమ్మని నాశనం చేసే సీన్ దగ్గర మాత్రం ఇద్దరం కాసేపు ఆపేశాం, అది చేతులారా చెయ్యమంటారు, చాలా బాధేసింది.

అదే దర్శకుడు జోసెఫ్ ఫారెస్ 2013లో బ్రదర్స్ తీశాడు. ఎడమ స్టిక్ అన్న, కుడి స్టిక్ తమ్ముడు. ఒక్క మనిషి రెండు చేతులతో ఇద్దరినీ నడపాలి. చివర్లో ఏం జరుగుతుందో చెప్పను గాక చెప్పను, గోదారి అన్నా, నీ పోస్ట్ మొత్తానికి జవాబు ఆ చివరి అరగంటలో ఉంది. మూడు నాలుగు గంటల్లో అయిపోతుంది, వెంటనే ఆడు.


గోదారి_గట్టు:

ఇన్ని మంచి జవాబులు వస్తాయనుకోలేదు, అందరికీ థాంక్స్. బ్రదర్స్ ఈ శనివారమే మొదలుపెడతా. పాత_క్యాసెట్ అన్నగారూ, ఆ జలపాతం మా ఇంట్లో కూడా ఉంది.

సిరి గారూ, విచర్ 3 ఆడాను, బారన్ కథ మీరు చెప్పినంత గొప్పదే. కానీ నాకు అది మీ వాదనకంటే నా వాదనకే దగ్గరగా కనపడుతోంది. ఆ నిర్ణయం మీరే తీసుకోవాల్సి వచ్చింది కాబట్టే కదా అంతసేపు ఆగిపోయారు. అదే కథ పుస్తకంలో చదివితే బారన్ మీద జాలిపడి పేజీ తిప్పేస్తాం, పిల్లలు దక్కకపోతే అది రచయిత చేసిన పని అవుతుంది. ఇక్కడ అది మన పని. నైపుణ్యం అవసరం లేని బటన్ కూడా బటనే. చేతిపని బాగుండి రాత లేనివి గుర్తుండవు అన్నారు, అక్కడ మాత్రం నా దగ్గర గట్టి జవాబు లేదు, మీ మాట నిజమే అనిపిస్తోంది. ఆ గొడ్డలి వెనక్కి రావడం ఎంత బాగున్నా, అట్రియస్ లేకపోతే నేను దాన్ని ఇక్కడ రాసేవాణ్ణి కాదేమో.

డెత్ స్ట్రాండింగ్ గురించి ఎవరూ చెప్పలేదు. ఆడినవాళ్లు లేరా?


కొండదారి:

ఉన్నాను. నాకు బాగా ఇష్టమైన గేమ్ అది, దాన్ని సామాన్లు మోసే గేమ్ అని కొట్టిపారేస్తుంటే బాధేస్తుంది. అవును, మోసేదే. అందులోనే ఉంది అంతా.

2019లో దర్శకుడు కోజిమా తీశాడు. మనుషులు ఒకరినొకరు కలవకుండా నేల కింద దాక్కుని బతుకుతున్న అమెరికా. సామ్ అనేవాడు వీపున పెట్టెలు కట్టుకుని కాలినడకన ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరవేస్తాడు. వేరే గేమ్‌లలో నడవడం అంటే స్టిక్ ముందుకి తొయ్యడం, అంతే. ఇక్కడ నేల ప్రతి అడుగునా అడ్డుపడుతుంది. బరువు ఎడమ పక్కకి వాలితే ఒక ట్రిగ్గర్, కుడి పక్కకి వాలితే ఇంకోటి నొక్కి సర్దుకోవాలి, ఏటవాలులో రెండూ కలిపి పట్టుకుని జాగ్రత్తగా దిగాలి. చెప్పులు అరిగిపోతాయి. వాన పడితే పెట్టెలు తుప్పుపట్టి పాడైపోతాయి, ఎందుకంటే ఆ వాన తాకిన ప్రతిదానికీ కాలం గబగబా గడిచిపోతుంది. ఇంత కష్టపడి ఒక కొండ దాటి కిందికి చూస్తే దూరంగా ఊరు కనపడి, సరిగ్గా అప్పుడు పాట మొదలవుతుంది. ఆ దిగడం కోసమే మళ్లీ మళ్లీ ఎక్కేవాణ్ణి.

నీ ప్రశ్నకి సరిపోయేది మొదట్లోనే వస్తుంది, చిన్న స్పాయిలర్. సామ్‌ని పెంచిన తల్లి చనిపోతుంది. ఆమె శవాన్ని దహనం చేసే చోటికి వీపున మోసుకుపోవాలి. అప్పుడు కూడా అవే రెండు ట్రిగ్గర్లు, అవే జారుళ్లు, పడిపోతే ఏమవుతుందో అనే అదే భయం. మా నాన్నగారు పోయిన ఏడాదే ఆడాను దాన్ని, పాడె మోసినవాళ్లకి ఆ బరువు తెలుస్తుంది, ఇంతకంటే చెప్పలేను. అలాగే సామ్ ఛాతీ మీద గాజు తొట్టెలో ఒక శిశువు ఉంటుంది, భయపడితే ఏడుస్తుంది, ఆ ఏడుపు టీవీలోంచి కాకుండా చేతిలోని కంట్రోలర్ స్పీకర్‌లోంచి వస్తుంది. కంట్రోలర్‌ని మెల్లగా ఊపితే ఊరుకుంటుంది.

ఇంకో సంగతి. ఇంకొకళ్లు ఎదురుపడరు, కానీ వాళ్లు వేసిన నిచ్చెన, తాడు, వంతెన మన ప్రపంచంలో కనపడతాయి. నదిలో కొట్టుకుపోతాననుకున్న చోట ఎవరో ఎప్పుడో వేసిన నిచ్చెన ఉంటుంది. లైక్ కొట్టడం తప్ప వాళ్లకి మనం ఏమీ చేయలేం. అందుకని నేను కూడా నాకు అవసరం లేని చోట్ల నిచ్చెనలు వేసి వచ్చేవాణ్ణి, పడిపోయిన రోడ్లకి సామాను తెచ్చి పోసేవాణ్ణి.

గంట గంటన్నరే దొరుకుతుంది అన్నావు. మొదటి కొన్ని గంటలు కట్‌సీన్లు చాలా ఉంటాయి, చివర్లో అంతకంటే ఎక్కువ, అవి ఆదివారానికి పెట్టుకో. మధ్యలో రోజుకి ఒక డెలివరీ చేసి పడుకోవచ్చు, దానికి అంత చక్కగా సరిపోతుంది. జర్నీ కూడా నీకు ఇష్టమవుతుంది, 2012లో పీఎస్3కి వచ్చింది, తర్వాత పీఎస్4కి కూడా తెచ్చారు. ఎవరో తెలియని మనిషి పక్కన నడుస్తాడు, మాట్లాడుకోవడం కుదరదు, చిన్న కూత పెట్టగలం. మంచుకొండ మీద ఇద్దరూ దగ్గరగా నడిస్తే ఒకరి ఉత్తరీయానికి ఇంకొకరి వల్ల వెలుగు వస్తుంది. పేరు చివర్లో చూపిస్తారు. రెండు గంటల గేమ్, అంతే.


ఓరుగల్లు_సిరి:

గోదారి అన్నా, మీ జవాబు బాగుంది, సగం ఒప్పుకుంటున్నా. కొండదారి గారు రాసింది చదివాక ఇంకో పావు.

ఎప్పుడైనా నింటెండో వాళ్ల స్విచ్ కన్సోల్ దొరికితే జెల్డా బ్రెత్ ఆఫ్ ది వైల్డ్ వదలకండి. అది కూడా ఓపెన్ వరల్డే, కానీ మీరు విసిగిపోయిన గుర్తులు ఉండవు. ఒక కొండ మీద నిలబడి దూరంగా ఏదో మెరిస్తే అటు వెళ్లాలనిపిస్తుంది, అంతే, ఎవరూ చెప్పరు. దాదాపు ఏ గోడైనా ఎక్కొచ్చు, ఓపిక చక్రం అయ్యేలోగా పైకి చేరాలి. వాన వస్తే చెయ్యి జారుతుంది. నాకు మొదట ఆ వాన మీద చాలా కోపం వచ్చేది, తర్వాత తర్వాత వాన పడితే ఏ రాతి కిందో మంట వేసుకుని తెల్లారేదాకా కూర్చోవడం అలవాటైంది. ఉరుములు వస్తున్నప్పుడు ఇనుప కత్తి చేతిలో ఉంటే పిడుగు మన మీదే పడుతుంది, తీసేసి చెక్క కర్ర పట్టుకోవాలి. ఇవేవీ గేమ్ పాఠంలా చెప్పదు. కథ పల్చన, నేనే రాత ముఖ్యం అన్నాను, అయినా ఈ గేమ్ నాకు విచర్ అంత ఇష్టం. ఎందుకో ఇంకా ఆలోచిస్తున్నా.


మన్యం_మబ్బు:

ఎవరూ రెడ్ డెడ్ 2 అనలేదేంటి! నెమ్మది అని తిడతారు, ఆ నెమ్మదే దాని గొప్ప. గుర్రాన్ని బ్రష్‌తో తుడవాలి, తిండి పెట్టాలి, బెదిరితే మెడ నిమరాలి, అలా చేసేకొద్దీ దాని నమ్మకం పెరుగుతుంది. కొండ మీద నుంచి పడి నా గుర్రం చచ్చిపోయినప్పుడు కొత్తది వెంటనే కొనుక్కోవచ్చని తెలిసినా ఆ రోజుకి గేమ్ కట్టేశా. పెద్ద మ్యాప్‌లు పడవు అన్న మాట మీద ఉండకుండా ఇది ఒక్కటి చూడు బ్రదర్. మంచులో నడిచే మొదటి చాప్టర్ దాటేదాకా ఓపిక పట్టాలి.


గోదారి_గట్టు:

సరే, నా వరస ఇది: బ్రదర్స్, తర్వాత డెత్ స్ట్రాండింగ్, తర్వాత సెకిరో. రెడ్ డెడ్ సంక్రాంతి సెలవులకి. కొండదారి గారూ, మీ నాన్నగారి మాట చదివి చాలాసేపు ఆగాను. రాసినందుకు థాంక్స్.

పులి తమ్ముడూ, ఒక్క డౌట్. సెకిరోలో ఆ ఎల్1 ఆపడం ఎక్కడ నేర్చుకోవాలి? పాత గేమ్‌ల అలవాటు కొద్దీ పక్కకి దొర్లి తప్పించుకోవడమే నా చేతికి వచ్చు.


నల్లమల_పులి:

దొర్లే అలవాటు మొదటి రెండు మూడు రోజులు వదలదన్నా, కంగారు పడకు. మొదట్లో వచ్చే పాడుబడిన గుడి బయట హాన్బే అని ఒకడు నిలబడి ఉంటాడు, చావు లేనివాడు, ప్రాక్టీస్ కోసమే పెట్టారు వాణ్ణి. ముందు వాడితో రోజూ కాసేపు ఆడు, ఆ తర్వాతే బయటికెళ్లు. ఎల్1 టపటపా వరసగా నొక్కకు, అలా నొక్కితే సరిగ్గా పడే వ్యవధి ఇంకా తగ్గిపోతుంది. ఒక్క దెబ్బకి ఒక్కసారి, కత్తి తగలబోయే ముందు. అనుమానంగా ఉంటే కాస్త ముందే నొక్కు, అప్పుడు కనీసం మామూలు అడ్డు అయినా పడుతుంది, ప్రాణం పోదు. నీ నిలకడ బార్ నిండిపోతుంటే దూరం జరిగి ఎల్1 పట్టుకుని నిలబడు, తొందరగా తగ్గుతుంది. టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేసుకోవడం మర్చిపోకు, లేకపోతే నువ్వు సరిగ్గా నొక్కినా ఆలస్యంగా పడుతుంది. పిల్లలు పడుకున్నాక ఆడతావు కాబట్టి హెడ్‌ఫోన్స్ కంట్రోలర్‌కే పెట్టుకో, మోత వినపడకుండా ఈ గేమ్ ఆడటం కుదరదు.